పిట్ట వాలని పేజీ

పోయిన శుక్రవారం చర్చి నుంచి వచ్చి చేపల పులుసు పొయ్యి మీద పెట్టానో లేదో, ఎవరో తలుపు కొట్టారు. షార్జాలో, ఈ అల్ నహ్దాలో మా తలుపు కొట్టేవాళ్ళు రెండే రకాలు. ఒకరు నీళ్ళ బాటిల్ తెచ్చే అతను. రెండోవాళ్ళు లిఫ్టులో తప్పు బటన్ నొక్కి మా అంతస్తులో దిగిపోయినవాళ్ళు. ఈ అమ్మాయి రెండో రకమనుకున్నాను. ఇరవై ఏళ్ళుంటాయేమో, ఎండకి ముక్కు చివర ఎర్రగా కందిపోయింది, వీపున ఒక సంచి. నన్ను చూసి, “సువా?” అంది. నా పేరు సువార్త. ఈ భూమ్మీద నన్ను సువా అని పిలిచిన మనిషి ఒక్కరే. ఆవిడ పోయిన చలికాలంలో జార్జియాలో కన్నుమూశారని ఆవిడ కొడుకు మెసేజ్ పెట్టాడు. చేతిలో గరిటె ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ క్షణంలో చేతుల్ని ఏం చేసుకోవాలో నాకు తెలిసేది కాదు.

అమ్మాయి పేరు నీనా, నన్ను సువా అని పిలిచిన ఆ జోయా గారి మనవరాలు. ఫోను తెరలో చూసిన మొహమే, కాకపోతే తెరలో ఇంత పొడుగు లేదు. సంచిలోంచి ఒక లావుపాటి నోట్‌బుక్ తీసి చివరి పేజీ తెరిచి నా ముందు పెట్టింది. పైన నల్ల మార్కరుతో వేలెడేసి రష్యన్ అక్షరాలు. కింద ఇంగ్లీషులో ఏడు లైన్లు, ఏడూ కొట్టేసి ఉన్నాయి. ప్రతి కొట్టివేత పక్కన రష్యన్ లిపిలో ఏదో ఒకే మాట. అన్నిటికంటే కింద, వంకర అక్షరాలతో, ఇంగ్లీషులో: సువా ఇంకా చూడలేదు.

“మీరు చూడనిది ఏమిటి?” అని అడిగింది నీనా. “ఇది అడగడానికే నాన్న దగ్గర మీ అడ్రసు తీసుకుని వచ్చాను.”

కూర్చోబెట్టాను. నిలబడి చెప్పేది కాదు. పులుసు మరిగేలోపు అయ్యేది కూడా కాదు గానీ, మొదలుపెట్టాను.

మాస్కులు ఇంకా మొహాల మీదే ఉన్న రోజులు అవి. అంతకు ముందు పనిచేసిన ఇంటివాళ్ళు సామాన్లు సర్దుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. ఆ సామాన్లలో నేను లేను. నా రూమ్మేటు రూతక్క తాడేపల్లిగూడెం మనిషి, షార్జాలో ఒక కళ్ళ క్లినిక్‌లో నర్సు. ఆవిడే ఈ పని చూసిపెట్టింది. “పెద్దావిడే, రష్యా ఆవిడ. చూపు పోతంది. వంటా, తోడూ, అంతే. నువ్వు కాస్త నోరు అదుపులో పెట్టుకో తల్లీ,” అంది. “నోరు అదుపులో పెట్టుకుంటే ఇంక నాలో మిగిలేదేముందక్కా?” అన్నాను. ఏడో తరగతిలోనే బడి మానేసిన దాన్ని నేను. లెక్కల మాస్టారు ఏది అడిగినా నవ్వించి తప్పించుకునేదాన్ని. చివరికి ఆయన నవ్వడం మానేశారు, నేను బడి మానేశాను. నోరొక్కటే నా సర్టిఫికెట్టు.

అల్ మజాజ్‌లో పదకొండో అంతస్తు, కింద సరస్సు. తలుపు తియ్యగానే వచ్చిన వాసన ఇప్పటికీ ముక్కుకి తెలుసు: ఉడుకుతున్న గోధుమ రంగు గింజల జావ, సోంపు వాసన వేసే ఏదో ఆకు, నిమ్మకాయ వేసిన డికాషను, పాత కాగితం. జోయా గారికి ఎనభై దాటాయి, ఇక్కడ ఉద్యోగం చేసే కొడుకు దగ్గర ఉండేవారు. జుట్టు కత్తిరించుకుని, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని, ఇంట్లోనే ఉన్నా బడికి వెళ్తున్న టీచరులా కూర్చునేవారు. పొద్దున్నే కిటికీలో మొక్కల కుండీల్ని ఒక్కొక్కటీ పావు వంతు తిప్పేవారు, అన్ని వైపులకీ ఎండ తగలాలని. తర్వాత జావ, తర్వాత చిన్న సాసర్లో జామ్, దాన్ని రొట్టెకి రాయకుండా చెంచాతో తింటూ టీ తాగడం. పదింటికి నోట్‌బుక్. ఆవిడ ఇంగ్లీషు అచ్చేసిన పుస్తకంలా ఉండేది, నాది సూపర్‌మార్కెట్ రశీదులా ఉండేది. అయినా మాకు కుదిరింది. ఆవిడ కంటి జబ్బు విచిత్రమైనది, చూపు నడిమధ్యన నల్ల మచ్చ. “నిన్ను చూస్తే నీ చెవులు కనిపిస్తాయి సువా, ముక్కు కనిపించదు,” అనేవారు. “మీరు అదృష్టవంతులు మేడమ్, మా వాళ్ళందరూ ఈ ముక్కు చూసి తీరాల్సిందే,” అన్నాను మొదటి రోజే. ఆవిడ టీ పొలమారేలా నవ్వారు. రూతక్క హెచ్చరిక అక్కడితో ఖలాస్.

ఆ మచ్చ పెరుగుతోంది. ఎప్పటికి మొత్తం కమ్మేస్తుందో డాక్టరుకీ తెలియదు. అది కమ్మేలోపు ఆ నోట్‌బుక్ పూర్తి చెయ్యాలి. ఆవిడకి ఉన్న ఒకే ఒక్క తొందర అది. జీవితమంతా రష్యన్‌లోంచి ఇంగ్లీషులోకి అనువాదాలు చేసి, పిల్లలకి ఆ విద్య నేర్పిన మనిషి. మనవరాలు నీనా ఐర్లండ్‌లో తల్లి దగ్గర పెరిగింది, తల్లి అక్కడి ఆవిడ. రష్యన్ ముక్క రాదు. ఆ నోట్‌బుక్ ఆ పిల్ల కోసమే. “మీరు ఇంగ్లీషులో మాట్లాడతారు కదా మేడమ్, ఇంక బాధేంటి?” అన్నాను. “నేను మాట్లాడతాను,” అన్నారు జోయా గారు, “మా ఇల్లు ఇంగ్లీషులో మాట్లాడదు.” ఆ ఇంటి మాటల్లోంచి ఆవిడ రెండు రకాలే ఏరుకున్నారు. ఏమవుతుందో తెలియనప్పుడు అనే మాటలు, కూర్చుని కలలు కనేవాళ్ళని అనే మాటలు. ఎందుకవే అంటే, “మా వాళ్ళకి బాగా వచ్చిన పనులు ఆ రెండే,” అన్నారు.

పని చేసే పద్ధతి ఇదీ. పేజీకొక మాట. పైన రష్యన్‌లో, కింద ఇంగ్లీషులో ఒక లైను. ఆ లైను ఆవిడ నాకు చదివి వినిపిస్తారు. నేను కళ్ళు మూసుకుని వినాలి. బొమ్మ కనిపిస్తే చెప్పాలి, కనిపించకపోతే అదీ చెప్పాలి. కనిపిస్తే లైను పక్కన టిక్కు. రష్యన్‌లో ఆ టిక్కుని పిట్ట అంటారట, ఏదో కాకి జాతి చిన్న పిట్ట. “నన్నెందుకు మేడమ్? చదువుకున్నవాళ్ళని అడగండి,” అన్నాను. “చదువుకున్నవాళ్ళు అర్థం చేసుకుంటారు. నాకు అర్థం అక్కర్లేదు, కనిపించాలి. పుస్తకాలు అడ్డం లేని కళ్ళు నీవి,” అన్నారు. ఏడో తరగతి మానేసినందుకు నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి ఆవిడ, బహుశా ఆఖరి మనిషి కూడా.

ఇక నా ఘనకార్యం. కాకుల్ని లెక్కపెట్టడం అని ఒక మాట. పని వదిలేసి నోరు తెరుచుకుని ఎటో చూస్తూ నిలబడేవాళ్ళని అంటారట. ఆవిడ చదివారు. కళ్ళు మూసుకున్నాను. నల్లటి చీకటి తప్ప ఏమీ లేదు. “కనిపించిందా?” “యెస్ మేడమ్.” “ఏం కనిపించింది?” “కాకులు మేడమ్. ఒకటి, రెండు, మూడు. వెరీ నైస్ కాకులు.” పిట్ట పడింది. మర్నాడు మబ్బుల్లో తేలడం, యెస్ మేడమ్, పిట్ట. గాలిలో కోటలు కట్టడం, యెస్ మేడమ్, పిట్ట. ఆవిడ మొహం వెలిగిపోయేది. ఆ వెలుగు చూడటం నాకు అలవాటైపోయింది, పైగా పని కూడా తొందరగా అయ్యేది. గల్ఫులో దిగిన ఏ పనిమనిషైనా మొదట నేర్చుకునే మాట యెస్ మేడమ్. చొక్కా కాలకుండా చూశావా? యెస్ మేడమ్. చెప్పింది అర్థమైందా? యెస్ మేడమ్. అర్థం కాలేదంటే తెలివితక్కువది అంటారు, రెండోసారి అంటే మనిషినే మార్చేస్తారు. నేను అబద్ధం ఆడుతున్నానని కూడా నాకు అనిపించలేదు. పాత్రలు తోమినట్టే అదీ పనిలో భాగం అనుకున్నాను.

సగం నోట్‌బుక్ నిండాక, ఒక ఆదివారం జోయా గారు వీడియో కాల్లో నీనాకి చదివి వినిపించారు. ఫోను పట్టుకున్నది నేనే. ఒక పేజీ, రెండు, అయిదు. తెరలో అమ్మాయి బుద్ధిగా తలూపుతోంది. ఆ తలూపు నాకు తెలుసు. అది నా తలూపే. కాసేపటికి నీనా, “గ్రాండ్‌మా, చాలా బాగుంది, కానీ ఇందులో నువ్వెక్కడ?” అంది. జోయా గారు నోట్‌బుక్ మూశారు. “చూపు ఎలా ఉంది? సెలవలకి వస్తాను. నేను వచ్చేసరికి నీకు నేను కనిపిస్తానా?” అని అడిగింది ఆ పిల్ల. ఆవిడ ఇంగ్లీషు మరిచిపోయినట్టు రష్యన్‌లో ఒక ముక్క అని, ముద్దు పెట్టినట్టు చెయ్యి ఊపి, ఫోను ఆపెయ్యమని నాకు సైగ చేశారు. ఆ సాయంత్రం కుండీలు తిప్పలేదు, టీ అడగలేదు. “పనికి రాలేదు సువా. నలభై పేజీలు. నా చెయ్యి పోయింది, కళ్ళకంటే ముందు,” అన్నారు.

ఇంటికొచ్చి రూతక్కతో చెప్పాను. ఆవిడ యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. “ఒసేయ్, ఆవిడ చెయ్యి పోవడమేంటే? నువ్వు కొంపలంటిస్తే!” అంది.

“నేనేం చేశానక్కా? అడిగిన ప్రతిదానికీ ఔననే అన్నాను కదా.”

“అదే మరి! మా క్లినిక్‌లో గోడ మీద అక్షరాల చార్టు ఉంటది. కనపడకపోయినా కనపడినట్టు చదివేత్తారు కొందరు, డాక్టరు గారు మెచ్చుకుంటారని. తర్వాత తప్పు కళ్ళజోడు తగిలించుకుని గోడల్ని గుద్దుకుంటారు. నువ్వు ఆవిడకి తప్పు కళ్ళజోడిచ్చావే పిచ్చిమొహమా.”

మర్నాడు జావ కలుపుతూ చెప్పేశాను. “మేడమ్, మీ నోట్‌బుక్‌లో పిట్టలన్నీ అబద్ధం.” జోయా గారు తల నా వైపు కాకుండా కొంచెం పక్కకి తిప్పారు, ఆవిడ ఎవరినైనా సరిగ్గా చూడాలంటే అలాగే చూడాలి. “అన్నీనా?” “ఒకటో రెండో నిజం అయ్యుంటాయి మేడమ్, ఏవో గుర్తులేదు.” “కాకులు?” “ఒక్క కాకి కూడా లేదు.” జావ అడుగంటిన వాసన వచ్చింది, ఇద్దరిలో ఎవరమూ లేవలేదు. వెళ్ళిపొమ్మంటారని చెప్పుల వైపు చూసుకున్నాను. ఆవిడ మార్కరు నా చేతిలో పెట్టారు. “నాకు యెస్ చెప్పేవాళ్ళు యూనివర్సిటీ నిండా ఉండేవాళ్ళు. ఈ దేశంలో నాకు దొరికింది నువ్వు ఒక్కదానివి. నాకు నీ నో కావాలి. కొట్టెయ్యి.” నా పిట్టల్ని నా చేత్తోనే కొట్టించారు, మొదటి పేజీ నుంచి. లేదు అనడానికి ఇంగ్లీషు నోటికి రాకపోతే ఏం మాట వస్తుందని అడిగారు. “ఖాళీ,” అన్నాను. ఆ మాట ఆవిడకీ తెలుసు, ఇక్కడ టాక్సీవాడి దగ్గర్నుంచి దుకాణం దాకా అందరి నోటా అదే. ఆ రోజు నుంచి కొట్టేసిన ప్రతి లైను పక్కనా రష్యన్ లిపిలో ఖాళీ అని రాయడం మొదలుపెట్టారు.

గాలిలో కోటల పేజీ వచ్చింది. “నిజం చెప్పు, ఏం కనిపించింది?” “ఖాళీ మేడమ్. కోట నేనెప్పుడూ చూడలేదు. గాలిలో కట్టినవి ఈ ఊళ్ళో బోలెడు చూశాను గానీ వాటికి లిఫ్టులున్నాయి.” ఆవిడ నవ్వలేదు. “మీ ఇంట్లో ఎవరూ కట్టలేదా?” అన్నారు. అడిగిన మరుక్షణం ముక్కుకి కొబ్బరిపీచు కుళ్ళిన వాసన తగిలింది. పదకొండో అంతస్తులో, ఏసీ గదిలో, ప్రమాణం చేసి చెప్తున్నాను.

మాది కోనసీమ. కాలవలో కొబ్బరి డొక్కలు నెలల తరబడి నానేసి, తీసి, కొయ్య సుత్తితో కొట్టి పీచు తీసేది నాయనమ్మ. ఆ కంపు మా బట్టల్లో, జుట్టులో, అన్నంలో కూడా ఉండేది. బడిలో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు, అందుకే నవ్వించడం నేర్చుకున్నాను. నాన్న మస్కట్‌లో ఉండేవాడు. మాది తాటాకిల్లు. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక నాయనమ్మ పొయ్యిలో బూడిద చేటలోకి తీసుకుని, వాకిట్లో నాన్న కట్టబోయే డాబా గీసేది. ఇది హాలు, ఇవి రెండు గదులు, ఇది వంటిల్లు, బాత్రూము లోపలే. గీసింది గీసినట్టు ఊరుకుంటే సరే. ఆ రోజంతా ఇంటిల్లిపాదీ గుమ్మాల్లోంచే నడవాలి. ఒకసారి పరిగెత్తుకుంటూ హాల్లోంచి వంటింట్లోకి అడ్డంగా వెళ్ళాను. “గోడలోంచి నడుత్తావేంటే దెయ్యంలాగ! గుమ్మం కనపడట్లేదా?” అని పీచుతాడుతో వీపు మీద ఒక్కటిచ్చింది. వాన పడితే ఇల్లు కరిగిపోయేది. “కూలిపోతే కూలిపోయిందిలే, ఇంకో గది ఏద్దాం,” అని మళ్ళీ వారం పెద్దగా గీసేది. నాన్న ఎప్పుడొస్తాడని రోజూ అడిగేదాన్ని. ఆవిడ సుత్తి ఆపకుండా, “వత్తే కిస్మస్‌కి వత్తాడు. లేపోతే లేదు,” అనేది. అంతకు మించి ఒక్క మాట ఎప్పుడూ చెప్పలేదు. ఆ డాబా కట్టనేలేదు. నాయనమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. అయినా ఊరెళ్ళినప్పుడు మా వాకిట్లో నేను తిన్నగా నడవలేను, గుమ్మం ఉన్నచోటికి చుట్టూ తిరిగి వెళ్తాను.

ఇదంతా చెప్పి కళ్ళు తెరిచేసరికి జోయా గారు రాసేస్తున్నారు, ముక్కు కాగితానికి ఆనించి, మచ్చ పక్కనుంచి చూసుకుంటూ. తర్వాత చదివారు. కోట లేదు, గాలి లేదు. ఒక ముసలమ్మ బూడిదతో ఇల్లు గీసి మమ్మల్ని గుమ్మంలోంచి నడిపించింది, అంతే, ఇంగ్లీషులో. గోదావరి జిల్లాలో పీచు కంపులో గీసిన గీత, వానకి కరిగిపోయిన గీత, షార్జాలో రష్యా ఆవిడ చేతిలో ఐర్లండ్ పిల్ల కోసం నిలబడి ఉంది. “కనిపించిందా?” అన్నారు. తలూపాను. ఆ తలూపు నిజమైనదని ఆవిడకి ఎలా తెలిసిందో తెలియదు, పిట్ట పెట్టారు.

అలా మళ్ళీ మొదటి నుంచి నడిచాం. నీళ్ళ మీద పంగల కర్రతో రాసింది అని ఒక మాట ఉంది వాళ్ళకి, జరుగుతుందో లేదో తెలియని మాటని అంటారు. “మా ఇంట్లోనూ నీళ్ళ మీద రాతలు అంటారు మేడమ్!” అని గంతేశాను. ఇద్దరం బాల్కనీలోకి వెళ్ళి కింద సరస్సుని చూస్తూ నిలబడ్డాం. ఆ మంచు దేశానికీ మా కాలవగట్టుకీ ఏం చుట్టరికం? ఎవరు ఎవరికి చెప్పి ఉంటారు? ఆవిడకీ తెలియదు. అంత చదివిన మనిషి తెలియదు అని అంత సంతోషంగా అనడం నేను మొదటిసారి చూశాను. కాకుల పేజీలో మాత్రం కాకులు పోయి, కిటికీలోంచి ఎదురు బిల్డింగు అద్దాలు లెక్కపెడుతూ అన్నం మాడ్చిన ఒక పనిమనిషి చేరింది. అది ఎవరో నేను చెప్పను.

చివరికి ఒక్కటే మిగిలింది. బాబుష్క నాద్వయె స్కజాల. నాయనమ్మ రెండుగా చెప్పింది అని. అవుతుందో కాదో అన్నమాట. దట్ రిమైన్స్ టు బి సీన్, ఇంకా చూడాల్సి ఉంది అని మొదటి లైను. ఖాళీ. “ఇందులో నాయనమ్మ లేదు మేడమ్, సందేహం ఒక్కటే మిగిలింది,” అన్నాను. మార్చారు, నాయనమ్మని పెట్టారు. “ఇప్పుడు నాయనమ్మ ఉంది గానీ, అబద్ధాలాడే ముసల్దానిలా ఉంది.” ఆవిడ మార్కరు పెట్టేసి, “మా నాన్న ఎప్పుడొస్తాడని అడిగితే మా బామ్మ కూడా మీ నాయనమ్మలాగే చెప్పేది. వస్తాడంటే ఆశ పెట్టినట్టు, రాడంటే చంపేసినట్టు. రెండూ చెయ్యలేక రెండుగా చెప్పేది. ఆ ప్రేమ రావాలి సువా,” అన్నారు. ఏడు లైన్లు రాశారు. ఏడింటికీ ఖాళీ అన్నాను. ఏడోసారి అనేటప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే అప్పటికి ఆవిడకి అక్షరాలు కనిపించడం బాగా తగ్గిపోయింది. ఒక్క యెస్ మేడమ్ అంటే పుస్తకం పూర్తయ్యేది. అనలేదు. ఆ నెలలోనే కొడుకు ఉద్యోగం జార్జియాకి మారింది, నీనా సెలవలు రాకముందే వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర నా చెవి తడిమి చూసి, “ఇది బాగా కనిపిస్తోంది,” అన్నారు.

ఇదంతా విని నీనా నోట్‌బుక్ అంచు నిమిరింది. పులుసు ఎప్పుడో దించేశాను. “పైన ఉన్న రష్యన్ మాట ఎలా పలుకుతారు?” అంది. నాకు వచ్చినట్టు అన్నాను: బాబుష్క నాద్వయె స్కజాల. పిల్ల మొహం మారిపోయింది. “ఇది నాకు తెలుసు. ఆ రోజు ఫోన్లో... నేను వచ్చేసరికి నీకు కనిపిస్తానా అంటే, ఇదే అంది. కోపం వచ్చి పెట్టేసిందనుకున్నాను.”

నేను నోరు మూసుకున్న అరుదైన సందర్భం అది, రూతక్క ఉంటే చూసి సంతోషించేది. నీనా పెన్ను తీసింది. కొట్టేసిన ఏడు లైన్ల కింద, సువా ఇంకా చూడలేదు అన్నదానికి పైన, ఇరుకులో ఎనిమిదో లైను రాసింది. రాసి, ముక్కు ఎగబీల్చి, నాకు చదివి వినిపించింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఆ పిల్ల ఎంత దూరం నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఎంత వెలుగుతో నా వైపు చూస్తోందో కళ్ళు మూసుకున్నా తెలుస్తోంది. వచ్చిన కొత్తలో అయితే ఆ వెలుగు కోసం ఏమైనా చెప్పేసేదాన్ని, నాయనమ్మ కనిపించింది, పక్కనే మీ బామ్మ, వెరీ నైస్ అని.

“ఖాళీ,” అన్నాను.

నీనా ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత వాళ్ళ బామ్మలాగే, ఒకే ఒక గీతతో, కాగితం నొచ్చుకోకుండా ఆ లైను కొట్టేసింది. ఏడుసార్లు రాసి ఉన్న రష్యన్ మాట మీద వేలు పెట్టి, “ఇదేనా అది?” అని అడిగింది. ఔనన్నాను. దాన్ని చూసి బొమ్మ గీసినట్టు తన లైను పక్కన కూడా రాసుకుంది. కుర్చీ దగ్గరికి లాక్కుని, తొమ్మిదో లైనుకి చోటు చాలక పేజీ తిప్పింది. నేను లేచి రెండో కంచం తీశాను.